మొదటి రోజు మర్యాద

పురపాలక కార్యాలయంలో ఆవిడని అందరూ విదేశాంగం గారూ అని పిలుస్తారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆవిడా అలాగే పలుకుతుంది. కుళాయి కనెక్షన్ల కౌంటరుకీ జనన మరణాల కౌంటరుకీ మధ్య ఇరుక్కుని ఒక బల్ల ఉంటుంది. దాని మీద రెండు బుల్లి జెండాలు, ఒక గ్లోబు, ఆ గ్లోబు మీద ఎర్ర సిరాతో రెండు చుక్కలు. ఒక చుక్క ఈ ఊరు. రెండోది సముద్రాల అవతల చలిదేశంలో ఉన్న సోదరి నగరం. ఆ రెండు చుక్కల మధ్య రాకపోకలన్నీ చూసేది ఆవిడే. నీళ్ళు రావట్లేదని గొడవకొచ్చిన వాళ్ళు కూడా క్యూలో నిలబడి తోచక ఆ గ్లోబుని ఓ తిప్పు తిప్పి పోతుంటే, విసుగెత్తి దానికి దారం కట్టేసింది.

సోదరి నగరం అంటే మరేం లేదు. ఇదిగో మేమిద్దరం తోడబుట్టిన వాళ్ళం అని రెండు ఊళ్ళు కాగితం మీద సంతకాలు పెట్టుకోవడం. అయితే అక్కెవరు, చెల్లెలెవరు అని తేలాలి కదా. మనదే అక్క అని చైర్మన్ గారు మొదటి సమావేశంలోనే బల్ల గుద్దారు. అక్కయ్యాక తప్పుతుందా, ముందుగా పెట్టాల్సిందీ, పంపాల్సిందీ మన వంతే అయింది. ప్రతి ఏడూ వాళ్ళ పిల్లలు కొందరు ఇక్కడికొచ్చి మన ఇళ్ళల్లో ఓ వారం ఉండి చదువూ సంధ్యా చూసి పోతారు. ఆ తరవాత మన పిల్లలు కొందరు అక్కడికెళ్ళి ఓ నెల వాళ్ళ ఇళ్ళల్లో ఉంటారు. పిల్లల వెంట ఒక పెద్ద వెళ్ళాలి. తంటా అంతా ఆ ఒక్క సీటు దగ్గరే.

ఆ సీటులో విదేశాంగం గారు ఇంతవరకూ కూర్చోలేదు. అక్కడి చలికి ఎలాంటి స్వెట్టర్లు పట్టుకెళ్ళాలో తల్లులకు చెప్పేది ఆవిడే. మూతపడని సూట్‌కేసుల మీద కూర్చుని జిప్పు వేయించేదీ ఆవిడే. విమానాశ్రయం అద్దాల దాకా వెళ్ళి, చెయ్యి ఊపి, తిరిగి బస్సెక్కి ఇంటికొచ్చి కూర తరుక్కునేది కూడా ఆవిడే. పాస్‌పోర్టు ఉంది. ఒక్క ముద్రయినా పడకుండానే దానికి కాలం చెల్లిపోతే, పట్టు వదలకుండా మళ్ళీ కొత్తది చేయించుకుంది.

అక్కడి మేడలూ మంచూ చూసెయ్యాలని ఆవిడకేం లేదు. ఒక్కసారి, బతుకులో ఒకే ఒక్కసారి, అతిథిగా వెళ్ళాలని. ఎవరో తన పేరు రాసిన అట్ట ముక్క పట్టుకుని ఎదురు చూడాలి. ఎవరో తన పెట్టె మొయ్యాలి. తను కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటే ఎవరో టీ తెచ్చి చేతికివ్వాలి. తాగేశాక ఆ కప్పు కూడా ఎవరో వచ్చి పట్టుకుపోవాలి. ఇన్నేళ్ళుగా వచ్చిన వాళ్ళందరికీ తను చేసింది అదేగా. ఈ ఏడు చివర్లో రిటైర్మెంటు. ఇంక ఇదే ఆఖరి అవకాశం. చైర్మన్ గారు కూడా అందరి ముందూ "ఈసారి నువ్వే వెళ్ళాలమ్మా, నీకు కాక ఇంకెవరికి?" అన్నారు. ఆ మాట నమ్మి ఆవిడ సూట్‌కేసు కూడా కొనేసింది. చక్రాలున్నది, నీలం రంగుది.

అతిథి పిల్లలు దిగే రోజు పొద్దున్నే బావమరిది ఊడిపడ్డాడు.

బావమరిది అంటే చైర్మన్ గారి భార్యకు సొంత తమ్ముడు. చైర్మన్ గారికి బావమరిది కాబట్టి ఊరందరికీ బావమరిదే. ముసలాళ్ళూ బావమరిది గారూ అంటారు, బడి పిల్లలూ బావమరిది గారూ అంటారు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. ఫోను తప్ప ఏ బరువూ ఎరగని చేతులు. మంచినీళ్ళ సీసా మోచేతి పక్కనే ఉన్నా సరే, వరండాలో ఉన్న అటెండరుని కేకేసి అందుకుంటాడు. ఏటా ఆ సీటులో కూర్చుని సముద్రాలు దాటేది ఈయనే.

ఆయన బల్ల అంచు మీద కూర్చుని అలవాటుగా గ్లోబు తిప్పబోయాడు. అది కదల్లేదు.

"అక్కా, వీసాకి ఫొటో ఏ సైజన్నావ్ పోయినసారి? వెనకాల తెల్ల గోడే ఉండాలా?"

"ఎవరి వీసాకి?"

"నా వీసాకే. బావ చెప్పలేదా? ఈసారీ నన్నే వెళ్ళమన్నాడు. నేను వద్దనే అన్నాననుకో."

విదేశాంగం గారికి కొత్త సూట్‌కేసు కళ్ళ ముందు మెదిలింది. పెన్ను మూత కూడా పెట్టకుండా లేచి చైర్మన్ గారి గదిలోకి వెళ్ళింది.

"సార్, ఈసారి నేనన్నారు."

చైర్మన్ గారు చెవి గోక్కున్నారు. ఆయనకి ఇబ్బందైతే చెవి దురద పుడుతుంది. "అన్నానమ్మా. అనలేదని నేనంటానా? కానీ ఏం చెయ్యమంటావు? వాళ్ళే వాడి కోసం కలవరిస్తున్నారు. ఫోన్ చేస్తే మొదటి మాటే అది, ఆయన వస్తున్నారా అని. నీకు తెలీదా?"

తెలుసు. ఆ ఫోన్లన్నీ మాట్లాడేది ఆవిడే. బావమరిది మా ఇంట్లో ఉండాలంటే మా ఇంట్లో ఉండాలని అక్కడ ఇళ్ళవాళ్ళు పోట్లాడుకుంటారు. అదే ఆవిడకి ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా అర్థం కాని సంగతి. ఇక్కడ పడిపోయిన పెన్ను కూడా వంగి తీసుకోడే, ఈ మనిషిని చూసి వాళ్ళెందుకంత ముచ్చటపడతారు? అడిగితే ఏమంటాడంటే, "విందులక్కా, వరసపెట్టి విందులే. నన్ను కాలు కింద పెట్టనిస్తే ఒట్టు!" అంటాడు.

"మరి నా సంగతేంటి సార్?"

"నువ్వు వెళ్ళిపోతే ఇదంతా ఎవరు చూస్తారమ్మా? నువ్వే లేకపోతే ఈ విభాగం ఉందా?"

అదొక పొగడ్త. అలాంటి పొగడ్తలు ఏరుకుంటూనే ఆవిడ సర్వీసంతా గడిచిపోయింది. ఒళ్ళు మండింది. కానీ అవతల బస్సు వచ్చే వేళైంది. మండుతున్న ఒంటితోనే వెళ్ళి పూలగుత్తులు పట్టుకుని గుమ్మంలో నిలబడింది, నవ్వుతూ.

పిల్లల్ని ఎవరింటికి వాళ్ళని పంపేశాక ఒక్క అమ్మాయి మిగిలిపోయింది. పొడుగ్గా ఉంది, ముక్కు ఎర్రగా ఉంది, పెట్టె పక్కన ముడుచుకుని నిలబడింది. ఆ పిల్లని తీసుకెళ్ళాల్సిన డాక్టరు గారి భార్య ఫోన్ చేసి, "గోడలకి రంగు ఇంకా ఆరలేదండీ, ఈ అవతారంలో ఇల్లెలా చూపిస్తాం?" అంది. అతిథి వస్తోందని ఆ రంగు మొదలెట్టారట. విదేశాంగం గారు తల పట్టుకుని, ఆనక ఆ పిల్ల పెట్టె పట్టుకుని, తన ఇంటికే బయల్దేరదీసింది.

ఇంట్లో ఉన్నది అత్తగారూ, భర్తా. భర్త టెలిఫోన్ శాఖలో చేసి రిటైరైన మనిషి. అప్పట్నుంచీ పాత రేడియోలు విప్పుతున్నాడు. విప్పడం వచ్చు. భోజనాల బల్ల మీద ఎప్పుడూ గిన్నెల కన్నా స్క్రూలే ఎక్కువుంటాయి. అత్తగారికి నడుం వంగింది కానీ గొంతు వంగలేదు. వచ్చిన వాళ్ళకి మర్యాద జరగడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోదు.

పిల్ల గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించింది. "నమస్కారము. మీ గృహమునకు వచ్చుట నాకు మిక్కిలి ఆనందదాయకము."

అత్తగారు ముక్కున వేలేసుకుంది. "ఇదేంటే అమ్మాయ్, పండితుల ఇంటి పిల్లలా మాట్లాడుతోంది!"

తప్పు ఆ పిల్లది కాదు. మన భాష నేర్చుకుంటాం, పుస్తకాలు పంపండని ఆ బడివాళ్ళు ఎప్పుడో అడిగితే, గ్రంథాలయంలో చెదలు పట్టబోతున్న పాత వాచకాలన్నీ మూటగట్టి పంపింది విదేశాంగం గారే. అక్కడి పిల్లలంతా వాటితోనే నేర్చుకున్నారు.

మొదటి రోజు బ్రహ్మాండంగా గడిచింది. పిల్ల కూర్చుంటే కుర్చీ, లేస్తే చెప్పులు, చెయ్యి కడిగితే తువ్వాలు. పిల్ల కూడా రాణిలా అన్నీ అందుకుంది. రెండో రోజునే వచ్చింది చిక్కు. పొద్దున్నే లేచి, జుట్టు ముడేసుకుని, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నేను ఏమి చేయవలెను?"

"ఏం చెయ్యక్కర్లేదు తల్లీ, వెళ్ళి కూర్చో," అంది అత్తగారు.

పిల్ల కూర్చుంది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ కూర్చోబెట్టారు. తిన్న కంచం తీసుకుని లేవబోయింది. అత్తగారు అవతలి అంచు పట్టుకుంది. పిల్ల ఇటు లాగింది, ముసలావిడ అటు లాగింది. "వదులు తల్లీ!" "నాకు ఇమ్ము!" "వదలవే!" చివరికి ముసలావిడే నెగ్గింది, కూర మాత్రం రేడియోలో పడింది. పిల్ల పక్క దుప్పటి మడత పెట్టుకుంటే అత్తగారు వెళ్ళి విప్పి మళ్ళీ మడత పెట్టింది. చీపురు ముట్టుకుంటే చీపురు దాచేసింది. అతిథి చేత చీపురు పట్టించారని బయటికి పొక్కితే ఇంకేమన్నా ఉందా!

సాయంత్రం విదేశాంగం గారు ఆఫీసు నుంచి వచ్చేసరికి పిల్ల పెట్టె సర్దేసుకుని, దాని మీద కూర్చుని ఏడుస్తోంది. ముక్కు ఇంకా ఎర్రబడింది.

"ఏమైంది అమ్మాయ్? ఒంట్లో బాగాలేదా? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"నేను ఏ తప్పు చేసితిని?" అంది పిల్ల వెక్కుతూ. "మీరు నన్ను వెళ్ళిపొమ్మనుచున్నారు."

ఇంట్లో ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. భర్త చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. పిల్ల కళ్ళు తుడుచుకుని, పాఠం ఒప్పజెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"మా ఊరిలో మొదటి దినము అతిథి. ఆ దినము వేలు కూడ కదపనివ్వము. రెండవ దినము పని ఇచ్చెదము. పని ఇచ్చినచో మా ఇంటివారు అయినట్లు. పని ఇవ్వనిచో, మీరు ఎప్పుడు వెళ్ళెదరు అని అడిగినట్లు."

విదేశాంగం గారు పక్కనున్న మంచం మీద కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఎంతమంది పిల్లలొచ్చారు, ఎంతమంది వెళ్ళారు! అందర్నీ కుర్చీలకి అంటించి, కంచాలు లాక్కుని, మర్యాదలతో ఊపిరాడనివ్వకుండా చేసి, మేం చూడండి ఎంత గొప్పగా చూసుకున్నామో అని చంకలు గుద్దుకున్నారు. ఆ పిల్లలేమో ఎప్పుడు పొమ్మంటారా అని బిక్కుబిక్కుమంటూ గడిపి, వెళ్ళేటప్పుడు మర్యాదగా కృతజ్ఞతలు చెప్పి వెళ్ళారన్నమాట.

"ఉండు ఉండు. మరి మా పిల్లలు అక్కడికొస్తే వాళ్ళకీ పనులు చెప్తారా?"

"అవును. పాత్రలు కడిగెదరు. మంచు ఊడ్చెదరు. మిక్కిలి బాగుగా చేసెదరు."

"ఒక్క వెధవన్నా చెప్పాడా వచ్చాక!" అన్నాడు భర్త.

ఎందుకు చెప్తారు? చెప్తే ఇంట్లో అమ్మలు అదే పని పురమాయిస్తారు. పిల్లలకి ఆ మాత్రం తెలివి ఉంటుంది. అప్పుడు విదేశాంగం గారి బుర్రలో దీపం వెలిగింది. గొంతు సవరించుకుని అడిగింది.

"అయితే అమ్మాయ్, మా బావమరిది గారు?"

పిల్లకి ఆ వరస అర్థం కాలేదు. ఆవిడ ఫోనులో ఫొటో తీసి చూపించింది. అంతే, పిల్ల మొహం వెలిగిపోయింది. ఏడుపు ఎటుపోయిందో! ఆయన అసలు పేరు చెప్పి, "ఈయన మా అమ్మమ్మకు ప్రాణము!" అంటూ తన ఫోను తీసింది.

ఆ ఫోనులో బావమరిది ఉన్నాడు. గులాబీ పూల ఏప్రను కట్టుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాడు. ఇంకో దాంట్లో నిచ్చెనెక్కి కిటికీ అద్దం తుడుస్తున్నాడు. ఇంకో దాంట్లో బంగాళాదుంపలు చెక్కుతున్నాడు. మరోదాంట్లో తళతళలాడే గిన్నె ఒకటి పైకెత్తి పట్టుకుని, కప్పు గెలిచినవాడిలా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఇక్కడ ఎవరూ ఎప్పుడూ చూడని నవ్వు అది.

అత్తగారు కళ్ళజోడు తెప్పించుకుని మరీ చూసింది. తరవాత ఇల్లంతా కలిసి నవ్విన నవ్వుకి పక్కింటివాళ్ళు కిటికీ తీశారు. నవ్వి నవ్వి విదేశాంగం గారికి పక్కటెముకలు పట్టేశాయి. పొడుచుకు తినేస్తున్న కోపమంతా ఆ నవ్వులో కొట్టుకుపోయిందనుకున్నారా? లేదు. ఆ ఫొటోలన్నీ తన ఫోనుకి పంపించుకుంది.

మర్నాడు పొద్దున్న అత్తగారు ఏదో యుద్ధంలో సంధికి ఒప్పుకున్నదానిలా ఒక బుట్టెడు ఉల్లిపాయలు తెచ్చి పిల్ల ముందు పెట్టింది. పిల్ల ఆ ముసలావిడని వాటేసుకుంది. ఆ తరవాత ఉల్లిపాయల పుణ్యమా అని ఏడుస్తూనే నవ్వుతూ కూర్చుంది.

వీడ్కోలు సభ రోజు మధ్యాహ్నం విదేశాంగం గారు హాల్లో ఉంది. వేదిక వెనక తెర మీద ఫొటోలు వెయ్యడం ఏటా ఆవిడ పనే. కంప్యూటరు ముందు కూర్చుని వరసలో పెడుతోంది. పిల్లలు బడి చూడటం, పిల్లలు నీళ్ళ ట్యాంకు చూడటం, చైర్మన్ గారు పిల్లల్ని చూడటం. వాటి వెనకాల గులాబీ పూల ఏప్రను.

బావమరిది వీసా ఫొటోలు పట్టుకుని వచ్చాడు. "అక్కా, ఇవి సరిపోతాయా?"

"సరిపోతాయి. నా దగ్గర ఇంతకన్నా మంచివి ఉన్నాయి. చూస్తారా?" అని కంప్యూటరు ఆయన వైపు తిప్పింది.

ఆయన చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, ఇవి... ఇవి సాయంత్రం వేస్తావా? మా ఆవిడ మొదటి వరసలో కూర్చుంటుందక్కా!"

"కూర్చుంటే?"

"నాకు సబ్బు పడదని చెప్పానక్కా! పెళ్ళైన కొత్తలో చెప్పాను. సబ్బు నీళ్ళు తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయని. ఇప్పటిదాకా అదే మాట మీద ఉన్నాను. ఇది చూసిందంటే నన్ను బతకనివ్వదు." చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "సీటు నీకే. తీసుకో. బావకి నడుం నొప్పని చెప్పేస్తాను. కుర్చీలో కూర్చోలేకపోతున్నానని చెప్తాను. సరేనా?"

ఆ క్షణంలో విదేశాంగం గారు గాల్లో తేలిపోయింది. ఇంత సులువా! అట్ట ముక్క మీద తన పేరు కనిపించింది. టీ వాసన కూడా వచ్చింది. "ఆలోచిస్తాను," అంది బెట్టుగా, వెళ్ళి కుర్చీల వరసలు చూసుకుంటున్నట్టు నటించింది.

తిరిగి చూసేసరికి ఆయన వెళ్ళలేదు. పక్క బల్ల మీద అటెండరు పెట్టి వెళ్ళిన గాజు గ్లాసులున్నాయి. ఆయన జేబురుమాలు తీసి ఒక్కో గ్లాసూ తుడుస్తున్నాడు. తుడిచి, వెలుగుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. మరక కనిపిస్తే నోటి ఆవిరి ఊది మళ్ళీ తుడుస్తున్నాడు. ఆ చేతులు ఏం చేస్తున్నాయో ఆయనకే తెలిసినట్టు లేదు. అంతలో అటెండరు వచ్చి, "అయ్యో, మీరెందుకండీ బావమరిది గారూ, మీరు కూర్చోండి!" అని గ్లాసు లాక్కున్నాడు. ఆయన దొంగలా జేబురుమాలు దాచేశాడు.

విదేశాంగం గారు ఊరుకుంటే పోయేది. ఊరుకోలేక అడిగింది. "అక్కడ నిజంగా అంత బాగుంటుందా?"

"బాగుంటుందక్కా," అన్నాడు ఆయన నేల చూస్తూ. "మీ ఇంట్లో ఉన్న పిల్ల అమ్మమ్మ లేదూ, ఆవిడ నా చేత గిన్నెలు కడిగిస్తుంది. సరిగ్గా లేకపోతే మళ్ళీ కడగమంటుంది. బాగుంటే బాగుందంటుంది. ఇక్కడ నన్నెవరూ ఏదీ మళ్ళీ చెయ్యమనరు. అసలు చెయ్యమనేదే లేదు. చిన్నప్పట్నుంచీ అంతే, నువ్వు పాడుచేస్తావు, నువ్వు కూర్చో అని. మొదట్లో నాకూ హాయిగానే ఉండేది. తరవాత ఇంక లేవడం ఎలాగో తెలీలేదు. అక్కడ నన్నెవరూ బావమరిది అనరక్కా. పేరు పెట్టి పిలుస్తారు."

ఆయన పేరు ఏటా వీసా కాగితాల మీద రాసేది ఆవిడే. ఒక్కసారైనా నోటితో పలికిన పాపాన పోలేదు.

చెప్పకపోతే ఏం పోయింది ఈ మనిషికి? ఊరికే తిని తిరిగే మనిషి నుంచి సీటు లాక్కోవడం వేరు. ఇప్పుడెలా లాక్కోవడం? విదేశాంగం గారికి ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంత రాలేదు. విసురుగా కంప్యూటరు దగ్గరికెళ్ళి గులాబీ పూల ఫొటోలన్నీ ఒక్కొక్కటే తీసిపారేసింది.

"నువ్వే వెళ్ళు తమ్ముడూ. ఇంక నా ముందు నిలబడకు, మళ్ళీ మనసు మారుతుంది."

అని, వేదిక వెనక్కి పోయి, మడత కుర్చీల మధ్య నిలబడి నీలం సూట్‌కేసు తలుచుకుని బావురుమంది. ఎందుకేడుస్తున్నావమ్మా అని అడిగేవాళ్ళు లేరు కాబట్టి కరువుతీరా ఏడ్చి, మొహం కడుక్కుని, మైకు పని చేస్తుందో లేదో చూడటానికి వెళ్ళింది.

సభ నిండుగా జరిగింది. చైర్మన్ గారు అక్కాచెల్లెళ్ళ అనుబంధం గురించి ఎంతసేపు మాట్లాడారంటే, ఆయన సొంత చెల్లెలు లేచి బయటికెళ్ళి వచ్చినా ఇంకా అక్కడే ఉన్నారు. తెర మీద ఫొటోలు సజావుగా నడిచాయి. చైర్మన్ గారి ఫొటోతో తెర ఆరిపోయేసరికి బావమరిది ఊపిరి పీల్చుకున్నాడు. మొదటి వరసలో పక్కనే ఉన్న ఆయన భార్య, "ఏంటండీ ఆ చెమటలు?" అంది.

చివర్లో అతిథుల తరఫున మాట్లాడటానికి పొడుగు పిల్ల లేచింది. విదేశాంగం గారు నిశ్చింతగా తీగలు చుట్టుకుంటోంది. ఫొటోలు తీసేసింది సరే, పిల్లకి నోరుందన్న సంగతి మర్చేపోయింది.

"సభాసదులారా!" అంది పిల్ల మైకులో. "మీరు మమ్ము మిక్కిలి ఆదరించితిరి. ఈ నగరమునందు నాకు ఒక గృహము లభించెను. అచ్చట నేను ఉల్లిపాయలు తరిగితిని." అత్తగారు వెనక వరసలో గర్వంగా చుట్టూ చూసింది. "అటులనే మా గృహమునందు మీ నగరమునకు చెందిన ఒక మహాశయుడు కలడు." అని ఒక పేరు చెప్పింది.

హాల్లో ఎవరికీ అంతుపట్టలేదు. ఎవరా పేరుగలవాడు అని వెనక్కీ పక్కకీ చూసుకున్నారు. చైర్మన్ గారు కూడా చూశారు. మొదటి వరసలో ఒక్కావిడ మాత్రం నెమ్మదిగా మొగుడి వైపు తల తిప్పింది.

"ఆ మహాశయుడు ప్రతి సంవత్సరము మా ఇంట పాత్రలను శుభ్రపరచును. గవాక్షములను తుడుచును. ఆయన వలె గిన్నెలు తోమువారు మా నగరమునందు లేరు. ఇందుకొరకు మా అమ్మమ్మ ఈ కానుక పంపెను." అంటూ వేదిక దిగి, సరాసరి బావమరిది దగ్గరికెళ్ళి, సంచీలోంచి తీసి చేతిలో పెట్టింది. కొత్త ఏప్రను. ఈసారి పొద్దుతిరుగుడు పూలు.

బావమరిది భార్య లేచి నిలబడింది.

"ఏమండీ! మీకు సబ్బు పడదన్నారు!"

"అక్కడి సబ్బు వేరు..." అన్నాడు ఆయన, తనకే వినపడనంత చిన్నగా.

అంతే, హాలు హాలంతా గొల్లుమంది. కుళాయి కౌంటరు గుమాస్తా కుర్చీలోంచి జారిపోయాడు. బావమరిది భార్య మాత్రం నవ్వలేదు. నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "సరే, ఆ సబ్బే తెప్పిద్దాం. అన్నయ్యగారూ," అంది చైర్మన్ గారి వైపు తిరిగి, "ఈ ఏడు ఈయన ఎక్కడికీ వెళ్ళరు. అంతంత దూరాలెళ్ళి కడిగి రావాల్సిన ఖర్మేం పట్టలేదు. ఇంట్లో బోలెడన్ని గిన్నెలున్నాయి."

చైర్మన్ గారికి చెవి విపరీతంగా దురద పెట్టింది.

విదేశాంగం గారు తీగలు వదిలేసి బావమరిది మొహమే చూస్తోంది. పాపం, నేల చీలితే బాగుండునన్నట్టు ఉంటాడనుకుంది. ఉన్నాడు కూడా, కాసేపు. తరవాత ఏప్రను మడత విప్పాడు. మెళ్ళో వేసుకున్నాడు. తాళ్ళు వెనక్కి పట్టుకుని చూడకుండానే ముడి వేశాడు. ఆ ముడి పడిన తీరు చూసి ఆయన భార్య నడుం మీది చెయ్యి తీసేసింది. ఆయన టీ పళ్ళెం అందుకుని మొదటి వరస నుంచి ఖాళీ కప్పులు ఏరడం మొదలెట్టాడు.

"అయ్యో, మీరెందుకండీ..." అని అటెండరు పరిగెత్తుకొచ్చాడు.

"నువ్వాగు," అంది ఆయన భార్య. "ఏమండీ, ఆ మూల రెండున్నాయి, చూసుకోండి."

ఆయన ఆ మూలకెళ్ళాడు. వెళ్తూ నవ్వాడు. ఫొటోలో ఉన్న నవ్వే.

చైర్మన్ గారు వేదిక మీంచి వంగి, గొంతు తగ్గించి, "అమ్మా, నీ పాస్‌పోర్టు..." అని ఇంకా ఏదో అనబోతున్నారు.

"ఉంది సార్," అంది విదేశాంగం గారు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ కాళ్ళు నేల మీద లేవు. అత్తగారు అప్పుడే సభలో పిల్ల చెప్పిన ఉల్లిపాయల సంగతి పక్కింటివాళ్ళకి వినిపిస్తోంది. భర్త రేడియో పక్కకి నెట్టి నీలం సూట్‌కేసు అటక మీంచి దింపాడు. విదేశాంగం గారు దాన్ని గదంతా ఒకసారి అటూ ఇటూ దొర్లించి చూసుకుంది. చక్రాలు చక్కగా తిరిగాయి.

పిల్ల సంబరంగా చప్పట్లు కొట్టింది. "మా అమ్మమ్మకు ఇప్పుడే చెప్పితిని. ఈ సంవత్సరము ఆయన రారు అని విచారించెను. పిమ్మట మీరు వచ్చెదరు అని సంతసించెను. మీ కొరకు కిటికీలన్నియు ఉంచెదను అనెను!"

సూట్‌కేసు ఆగిపోయింది. విదేశాంగం గారు దాని మీద కూర్చుండిపోయింది. హడావుడిలో ఈ సంగతే తట్టలేదు. నెల్లాళ్ళు కాలు మీద కాలు, నెల్లాళ్ళు టీ అనుకుంటూ వచ్చిందల్లా, గులాబీ పూల ఏప్రను కట్టుకుని నిచ్చెనెక్కి ఉన్న తనని తాను చూసుకుంది. భర్త ఆపుకోలేక కిసుక్కుమన్నాడు. "అయితే ఏమోయ్, ఇక్కడి గిన్నెలు మాకొదిలేసి అక్కడి గిన్నెలు కడగడానికి వెళ్తున్నావన్నమాట!"

ఆవిడ ఆయన వైపు చూడకుండా పిల్ల వైపు తిరిగింది.

"అమ్మాయ్, మొదటి రోజు మాత్రం నిజంగానే వేలు కదపనివ్వరు కదూ?"

"కదపనివ్వము."

"పెట్టె ఎవరు మోస్తారు?"

"నేను."

"టీ?"

"మా అమ్మమ్మ తెచ్చి చేతికి ఇచ్చును."

"తాగాక ఆ కప్పు?"

"కప్పు కూడ మేమే తీసుకొని పోయెదము," అంది పిల్ల గంభీరంగా.

విదేశాంగం గారు లేచి, కళ్ళజోడు పెట్టుకుని, విమానాల వేళలున్న తన ఆఫీసు సంచీ దగ్గరికి లాక్కుంది. "సాయంత్రం దిగే విమానం వద్దు. దిగేసరికే పొద్దు పోతుంది, మొదటి రోజు సగం దార్లోనే అయిపోతుంది," అంది అందులోని కాగితాలు తిప్పుతూ. "తెల్లవారుజామునే దిగేది ఏదన్నా ఉందేమో చూడాలి."

"ఉన్నది," అంది పిల్ల. "కాని ఆ వేళ మిక్కిలి చలి."

"ఉండనీ," అంది ఆవిడ. "అదే."